అక్షరానికి రెండు రూపాయలు

బల్లార్షా స్టేషన్ బయట
స్టీలు సామాన్ల దుకాణం అరుగు మీద
నాది మూరెడు జాగ.
ఒక ఉలి, ఒక చిన్న సుత్తె, కింద పెట్టుకునే సీసపు దిమ్మె.
అక్షరానికి రెండు రూపాయలు,
గుణింతాలకు పైసలు తీసుకోను.
తెలుగు, మరాఠీ, అడిగితే ఇంగ్లీషు గూడ.
చదువొచ్చేది తెలుగొక్కటే,
మిగిలినయి బొమ్మలనుకొని కొడ్త.

పేపర్ మిల్లు వాసన ఇటు మళ్ళిననాడు
బేరం తక్కువ.
గట్లాంటి ఒకనాడు దుర్గం పోశెట్టి సారు
సంచిలకెల్లి పుస్తకం తీసి నా ఒళ్ళో తెరిచిండు.
టోపీ బొమ్మ. ఇత్తడిది.
చెంపలకు రెక్కలు, మెడకు చూరు.
"ఓదేలూ, అంచు చూడు."
చూసిన.
చుక్కలు.
చుక్కకు చుక్క ఆనకుండ, వరుసగ, పేర్లు.

రెండువేల ఏండ్ల కింద రోము సిపాయిది అన్నడు.
ఏండ్లు నాకు అందలే, చెయ్యి అందింది.
రెండో పేరు కొట్టినోడిది ఎడమచేతి వాటం.
మూడోది తొందరల కొట్టిండ్రు,
ఆఖరక్షరం కిందికి జారింది.
నాలుగు పేర్లు, ఒక్క టోపీకి.

"నలుగురు అన్నదమ్ములా సారూ?"
కాదట.
వాళ్ళ సర్కారు ఊకె ఇయ్యదట.
టోపీ, కత్తి, చెప్పులు, ఆఖరికి తినే గోధుమలు
పగార్లకెల్లి కోసుకుంటదట.
కొత్తది కొనలేనోడు పాతది తీసుకుంటడు,
దిగిపోయేటోడు అమ్ముకొని పోతడు,
సచ్చినోడిది మల్ల కొట్లకు చేరుతది.
ఒక పిలగాడైతే
కత్తి పంపమని తండ్రికి ఉత్తరం రాసిండట.
"పంపిండా తండ్రి?"
అది పుస్తకంల లేదన్నడు సారు.

వారం దాటినంక ఆత్రం జైతు వచ్చిండు,
వార్ధా నది అవుతల, రాజూరా దిక్కు పిలగాడు.
బొగ్గు గని గేటు కాడ కాంట్రాక్టు వాచ్‌మన్‌గ
కుదిరి నాలుగు దినాలు.
ఖాకీ అంగీ భుజాలు దిగి మోచేతుల దాక వచ్చింది.
బూట్ల మునివేళ్ళ కాడ గుడ్డ పీలికలు కుక్కుకున్నడు.
"యూనిఫారానికి రెండువేల నాలుగొందలు తాతా,
మూడు నెలలు కోస్తరు. బెల్టుకు వేరే. విజిల్‌కు వేరే."
"లాఠీకో?"
"లాఠీ ఫ్రీ. ఇంటికి తీస్కపోవద్దు."
చెమట తుడుచుకుంట కాలర్ తిప్పిండు,
లోపల మార్కర్ పెన్నుతోని ఎవరిదో పేరు,
ఎన్ని ఉతుకులు పడ్డా పోనిది.

టార్చి ముందర పెట్టిండు.
మూడు సెల్లులది, స్టీలుది.
"డ్యూటీ మారంగ మాయమైతది. పేరు కొట్టు."
సెల్లులు దులిపి, లోపల ఇనుప కడ్డీ దూర్చి, తిప్పిన.
అప్పటికే రెండు పేర్లున్నయి.
ఒకటి ఎవరు కొట్టిండ్రో, మొద్దు ఉలి.
రెండోది నాదే.
శ తోక నాకు ఎన్నడూ కుదరదు.
రాజేశం.
మూడక్షరాలు, ఆరు రూపాయలు, ఇంక బాకీ.
చిల్లర లేదని, రేపిస్తనని,
నా బీడీకెల్లే బీడీ అంటుకొని పోయిండు.

"రాజేశం ఏడున్నడు?"
జైతుకు ఎరుక లేదు.
స్టోరు కిటికీలకెల్లి టార్చి ఇచ్చిండ్రు,
సంతకం పెట్టుమన్నరు, పెట్టిండు.
"పాతయి గీకెయ్యి తాతా."
ఉలి ఎత్తి, దించిన.
"రేకు పల్చగుంది, బొక్క పడ్తది" అన్న.
రేకు మందంగనే ఉన్నది.

మరాఠీల కొట్టుమన్నడు.
జై మీద రెండు గీతలు, చుక్కలెక్కువ, పైసలు అంతే.
జై. తు.
నాలుగు రూపాయలు.
పగారు పడ్డంక ఇస్తనన్నడు.
సరే అన్న, ఇంకేమంట.
సెల్లులేసి, అరచెయ్యి అడ్డం పెట్టి ఒత్తి చూసుకున్నడు.
మిట్టమధ్యాహ్నం. వేళ్ళ సందులల్ల
కొంచెం ఎర్రగ.

వాడు రోడ్డు దాటినంక తట్టింది:
పేరు జర పైకే కొట్టిన.
కింద బొటనవేలంత జాగ
మిగిలింది.